మూడు వందల కళ్ళజోళ్ళు

"ఇదీ అంతే!"

పన్నెండో కళ్ళజోడును మిషన్ మీంచి తీసి, భోజనాల బల్ల మీద మిగతా పదకొండింటి పక్కన ఠక్కున పెట్టింది ఆమె. అద్దాల పవర్ చూసే ఆ మిషన్ ఉండవలసింది షాపులో. దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి, కంచాలు పెట్టుకునే చోట పెట్టిందంటేనే భర్తకు అర్థమైపోయింది, ఇవాళ తప్పించుకునే దారి లేదని.

"కాజాల పెద్దమ్మ చీటీలో నేనేం రాశాను? రెండు చూపుల అద్దాలు. పైన దూరానికి, కింద దగ్గరికి. కుడి కన్నుకో పవరు, ఎడమ కన్నుకో పవరు. పొద్దున ఆవిడ జోడు చూసి, తియ్యనంటే ఆవిడకే ఇచ్చేశాను; దాంట్లో ఏముంది? రెండు కళ్ళకీ మూడు. పైనా మూడే, కిందా మూడే. ఇవి ఇంటింటికీ తిరిగి తెచ్చినవి. దీంట్లో మూడు. దీంట్లోనూ మూడు. ఊళ్ళో అందరి కళ్ళూ దేవుడు ఒకే అచ్చులో పోశాడాండీ?"

ఇస్త్రీ చేయించి తెచ్చుకున్న తెల్ల చొక్కా ఆయన చేతి మీద అలాగే ఉంది. ఆదివారం ఆరాధనలో ఆయన్ని సంఘ పెద్దగా నిలబెట్టి, తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అందుకోసం కుట్టించుకున్న చొక్కా అది.

"మెల్లగా మాట్లాడు. షాపులో జనం వింటారు."

"ఎవరూ లేరు. షట్టర్ దించేశాను."

"నాలుగు గంటలకే దించేశావా? బుద్ధుందా నీకు?"

"బుద్ధి ఉండబట్టే దించాను."

ఆయన చొక్కాను కుర్చీ వీపుకి తగిలించాడు. ముడత పడకుండా రెండు భుజాలూ సర్దాడు. ఆ సర్దడం చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పది రోజుల కిందట, సంఘం యాభయ్యో వార్షికోత్సవంలో, ఆయన మూడు వందల మందికి ఉచితంగా కళ్ళజోళ్ళు పంచాడు. ఆ మూడు వందల మంది కళ్ళూ పరీక్ష చేసి చీటీలు రాసింది ఆమె. చీటీ ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడమూ ఆమె పనే. నూట అరవై పూర్తయ్యాక, చెల్లెలికి ఆపరేషన్ అని కబురొస్తే వెళ్ళి పన్నెండు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మూడు వందల జోళ్ళూ పేర్లు రాసిన కవర్లలో సిద్ధంగా ఉన్నాయి. 'తెలిసిన షాపువాళ్ళు సాయం పట్టారు, అంతా దేవుడి కార్యం' అన్నాడు. నమ్మింది.

వీధిలో ఆయన్ని అద్దాల డాక్టరు అంటారు. ఆయన ఏ డాక్టరు చదువూ చదవలేదు, కానీ ఎవరైనా అలా పిలిస్తే కాదని ఎప్పుడూ అనలేదు. వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషన్ ముందు కూర్చునే ఆమెను లెన్సమ్మ అంటారు.

"సాయం పట్టిన షాపువాళ్ళ పేరు చెప్పండి. నేనే వెళ్ళి అడుగుతాను, ఇవేం అద్దాలు నాయనా అని."

ఆయన మళ్ళీ చొక్కా భుజాలు సర్దబోయాడు.

"ఇవి అరగదీసినవి కావు. అంచు చూస్తే తెలీదనుకున్నారా? ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళు అరిగింది ఈ అంచుల మీదే. రెడీమేడ్ జోళ్ళు తెప్పించి, ముసలివాళ్ళకి మూడు, నడివయసు వాళ్ళకి రెండు అని పంచేశారు. అంతేనా?"

"అంతే!" అన్నాడు ఆయన ఒక్కసారిగా. "అంతే. ఏం చెయ్యమంటావు? మూడు వందలని కార్డుల మీద అచ్చేయించి అన్ని సంఘాలకీ పంపించాం. నూట నలభై మందిని వట్టి చేతులతో పంపమంటావా? అసలేమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కాదా?"

"నయమా?" ఆమె ఒక జోడును ఆయన ముందుకు తోసింది. "పొద్దున పెద్దమ్మ వచ్చింది, చేతికి కట్టుతో. కుట్టు కారఖానా మెట్ల మీంచి పడింది. మణికట్టు విరిగింది, కుడిచెయ్యి. ఏమీ లేనప్పుడు ఆవిడ గోడ పట్టుకుని దిగేదటండీ. మీరిచ్చిన జోడు పెట్టుకున్నాక, ఇక చూపొచ్చిందని గోడ వదిలేసింది."

ఆయన తల దించుకున్నాడు.

"దగ్గరచూపు అద్దాలతో మెట్లు దిగితే కింది మెట్టు ఎక్కడుందో తెలీదు. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసి కూడా, వేదిక మీద అందరి ముందూ ఆవిడ మొహానికి పెట్టి, 'ఇక వీటిని తియ్యొద్దమ్మా' అన్నారు. అనలేదా?"

"అన్నాను."

"తియ్యలేదు పాపం. పడుకునేటప్పుడు తప్ప తియ్యలేదు."

గది మూలనున్న కుర్చీలోంచి "స్తోత్రం" అని వినిపించింది. ఆయన తల్లి. మంచికీ చెడుకీ, పాలు పొంగినా కరెంటు పోయినా ఆ ఒక్క మాటే అనడం వల్ల ఆవిడను వీధంతా స్తోత్రం మామ్మ అంటారు.

"స్తోత్రం ఎందుకత్తయ్యా? చెయ్యి విరిగినందుకా?"

"నీ నోటికి దేవుడు ఇంకా తాళం వెయ్యనందుకు," అంది అత్తగారు. "సరే, తప్పు జరిగింది. ఇప్పుడు ఏమంటావు?"

"ఆదివారం చేతులుంచకముందే మీ అబ్బాయి లేచి నిజం చెప్పాలి. నూట నలభై జోళ్ళూ వెనక్కి తీసుకుని సరైనవి చేసివ్వాలి. ఆయన చెప్పకపోతే నేను చెప్తాను."

"ఎవరి కోసం?"

"ఎవరి కోసమేంటి?"

"పెద్దమ్మ కోసమా, నీ కోసమా అని అడుగుతున్నా." ముసలావిడ కుర్చీలో ముందుకు వంగింది. "ఆరోజు వాడు మైకువాడికి కూడా వందనాలు చెప్పి నీ పేరు మర్చిపోయాడు. నువ్వు వెనకగదిలోకి వెళ్ళి ఏడవడం నేను చూశానమ్మాయ్. ఇవాళ నీ గొంతులో ఉన్నది ఆ ఏడుపు కాదని దేవుడి ముందు చెప్పగలవా?"

ఆమె మిషన్ ఎత్తుకుని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. ఆ మాట అబద్ధమైతే బాగుండేది.

*

శుక్రవారం పొద్దున పాస్టరు గారి గదిలో, బల్లకు ఇవతల కూర్చుని, చెప్పవలసిందంతా చెప్పింది. పన్నెండు చీటీలు, పన్నెండు జోళ్ళు ముందు పెట్టింది.

అయ్యగారు కఠినమైన మనిషి కాదు. ఒక్కో జోడూ ఎత్తి చూసి, మెల్లగా కింద పెట్టారు.

"తప్పేనమ్మా. కాదనను. నువ్వు రావడం మంచిదైంది."

ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది.

"ఆదివారం కానివ్వు. సోమవారం నుంచి ఒక్కొక్కరి ఇంటికీ మనిషిని పంపి, మెల్లగా మార్చేద్దాం. ఎవరికీ నొప్పి లేకుండా."

"ఆదివారం ఎందుకు కానివ్వాలి అయ్యగారూ?"

"తొమ్మిది సంఘాల పెద్దలు వస్తున్నారు. ఇప్పుడు ఇది బయటికొస్తే ఒక్క మీ ఆయన పేరే పోదు. ప్రభువు నామానికి అవమానం."

"ప్రభువు నామానికా, మన బోర్డుకా?"

ఆయన మొహం ఎర్రబడింది. ఒక్క నిమిషం కిటికీ వైపు చూశారు. కిటికీ బయట ఇద్దరు పనివాళ్ళు కొత్త బోర్డుకు రంగు వేస్తున్నారు. 'నేత్ర పరిచర్య' అన్న అక్షరాలు అయిపోయాయి. కింద మూడు వందలు అన్న అంకె రాయడానికి గీతలు గీసుకుంటున్నారు.

"అయ్యగారూ, కిందటి నెల మీరే చెప్పారు. తీర్పు రోజున మనం కట్టిందంతా ప్రభువు నిప్పులో పెట్టి చూస్తాడని. గడ్డి అయితే గడ్డిలాగే కాలుతుందని. మనిషి ఎలాగో బయటపడతాడు గానీ చేతిలో ఏమీ మిగలదని. నేను వెనక బెంచీలో కూర్చుని వణికిపోయాను. మీకు వణుకు రాలేదా?"

"ఆ తీర్పు ఆయనది. మనం తొందరపడి నిప్పు పెట్టకూడదు తల్లీ."

"ఆ తీర్పు దాకా పెద్దమ్మ మెట్లు దిగకుండా కూర్చోవాలా?"

అయ్యగారు కాగితాలు సర్దుకున్నారు. ఆ తరువాత, చెప్పక తప్పదన్నట్టు అన్నారు.

"ఆవిడే ఆదివారం సాక్ష్యం చెప్తానని అడిగింది. కళ్ళజోడు ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతిస్తుందట. కార్యక్రమంలో రాసేశాం."

ఆమె లేచి నిలబడింది. జోళ్ళు ఒక్కొక్కటిగా సంచిలో వేసుకుంది. అయ్యగారు సాయం చెయ్యబోయారు.

"ముట్టుకోకండి," అంది.

*

కాజాల పెద్దమ్మ కారఖానా వెనక ఒక్క గదిలో ఉంటుంది. నలభై ఏళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టడమే ఆవిడ బతుకు. ఇప్పుడు కుడిచెయ్యి కట్టుతో ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బట్టలు మడత పెట్టడానికి అవస్థ పడుతోంది. కళ్ళకు ఆ జోడే ఉంది.

"తీసెయ్ పెద్దమ్మా, ముందు అది తీసెయ్."

"డాక్టరు బాబు తియ్యొద్దన్నాడు తల్లీ. తల తిరుగుతోంది గానీ అలవాటు పడాలి. నా కళ్ళే పాడైపోయాయి, అద్దాలేం చేస్తాయి?"

"నీ కళ్ళు పాడవలేదు. అద్దాలే తప్పు. నేను రాసింది నీకివ్వలేదు. ఎవరి కళ్ళకీ కొలిచి చెయ్యని రెడీమేడ్ జోడు తెచ్చి నీ పేరు రాసి ఇచ్చారు."

ముసలావిడ చేతిలో బట్ట ఆగిపోయింది.

"ఎవరూ?"

"మా ఆయనే."

పెద్దమ్మ ఆ బట్టను పక్కన పడేసింది. గొంతు మారిపోయింది.

"నువ్వు మీ ఆయన మీద కోపంతో అంటున్నావు."

"కోపం ఉంది. అయినా ఇది నిజం."

"మూడు వందల మందిలో నన్ను పేరెట్టి పిలిచాడు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. తన చేత్తో నా మొహానికి పెట్టాడు. అరవై రెండేళ్ళు, లెన్సమ్మా! కుర్చీ వేసి కూర్చోమన్నవాళ్ళు లేరు నాకు. ఆ ఒక్క పూటా నేనూ ఒక మనిషినే అనిపించింది. అదీ అబద్ధమంటావా? అది కూడా లాక్కుపోవడానికి వచ్చావా?"

"పెద్దమ్మా, అది కాదు..."

"వెళ్ళు. సాక్ష్యం చెప్తానన్నాను, చెప్తాను. దేవుడికి మాటిచ్చాను, నీకు కాదు."

తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది.

శనివారమంతా ఇంట్లో ముగ్గురూ మూడు గదుల్లో ఉన్నారు. ఆమె అన్నం వండింది, ఎవరు తిన్నారో చూడలేదు. మధ్యాహ్నం ఆయన ఒకసారి వెనకగది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆమె మిషన్ ఆపలేదు. ఏదో అన్నాడు, చప్పుడులో వినిపించలేదు. మళ్ళీ అనమని ఆమె అడగలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

*

ఆదివారం మందిరం నిండిపోయింది. వచ్చిన పెద్దలు వేదిక మీద వరసగా కూర్చున్నారు. తెల్ల చొక్కాలో ఆయన చివరి కుర్చీలో ఉన్నాడు. ఆమె మూడో బెంచీలో, అంచున కూర్చుంది. అనవలసిన మాటలు మనసులో పేర్చుకుంటూనే ఉంది. ఒక్కో మాటా పేర్చిన కొద్దీ, అందరూ తనవైపు తిరిగి చూడటం కూడా కనిపిస్తోంది. ఆ కనిపించడంలో ఒక రుచి ఉంది. ఆ రుచికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దమ్మను పిలిచారు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఎవరూ పట్టుకోకుండానే వేదిక ఎక్కింది.

"నా కళ్ళు పాడైనా దేవుడు నన్ను మర్చిపోలేదు," అంది మైకులో. "నేను పడ్డానంటే అది నా కాలి తప్పు. అద్దాల తప్పంటే నేను ఒప్పుకోను. డాక్టరు బాబు చేతులు దేవుడు దీవించాలి."

జనం చప్పట్లు కొట్టారు. ఆమె బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. లేవాలి. ఇప్పుడే లేవాలి.

పెద్దమ్మ దిగడానికి తిరిగింది. వేదికకు నాలుగే మెట్లు. మొదటి మెట్టు ఎక్కడుందో కాలితో వెతికింది. గాలిలో వెతికింది. పట్టుకోవడానికి పక్కన ఏమీ లేదు. జనమంతా ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

కుర్చీ పడిన చప్పుడయింది. ఆయన పరుగెత్తుకొచ్చి ఆవిడను రెండు భుజాలూ పట్టి ఆపాడు. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, కళ్ళజోడు తీసేశాడు.

"ఇది నీది కాదు పెద్దమ్మా," అన్నాడు.

మైకు దగ్గరే ఉంది. అందరికీ వినిపించింది.

తరువాత ఆయన మైకు చేతిలోకి తీసుకున్నాడు. అంతా చెప్పాడు. నూట నలభై జోళ్ళు అబద్ధమని చెప్పాడు. అట్టపెట్టెల్లో రెడీమేడ్ జోళ్ళు తెప్పించింది తానేనని చెప్పాడు. పేరు కోసం, పెద్దరికం కోసం చేశానని, దేవుడి పేరు చెప్పి తన బోర్డు రాయించుకున్నానని చెప్పాడు. "నేను పెద్దగా ఉండటానికి తగను," అని మోకరించాడు.

ఆమె గుండె మొదట కరిగింది. తరువాత గట్టిపడింది.

ఎందుకంటే ఆ గొంతు ఆమెకు తెలుసు. వార్షికోత్సవం నాడు మాట్లాడిన గొంతే అది. అవే విరామాలు, అదే గొంతు జీర. ఎక్కడ ఆగితే జనం కన్నీళ్ళు పెట్టుకుంటారో అక్కడే ఆగాడు. మందిరమంతా వెక్కిళ్ళు. "హల్లెలూయ" అని ఎవరో అరిచారు. వచ్చిన పెద్దల్లో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయ్యగారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు.

"ఇంతటి తగ్గింపు మనసు ఈ సంఘం ఎప్పుడైనా చూసిందా? ఇలాంటివాడు కాకపోతే మనకు పెద్ద ఇంకెవరు?"

ఇందాకటి కన్నా పెద్దగా చప్పట్లు.

ఆ నూట నలభై మందిలో కనీసం ముప్పై మంది అదే మందిరంలో, అవే జోళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను లేవమని ఒక్కరూ అనలేదు. పెద్దమ్మను మెట్ల పక్కనే ఎవరో ఒక కుర్చీలో కూలేశారు. చూపు ఆనక, ఎటు చూడాలో తెలియక, ఎవరికోసం చప్పట్లు కొడుతున్నారోనని తల తిప్పుతోంది.

ఆమె లేచింది. తిన్నగా వెళ్ళి పెద్దమ్మ ఎడమచెయ్యి పట్టుకుంది.

"రా."

ఈసారి ముసలావిడ కాదనలేదు.

*

షాపు మందిరానికి వంద అడుగుల దూరం. షట్టర్ సగం ఎత్తి, పెద్దమ్మను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి, ఒక్కో అద్దం మార్చి చూపించింది. ఇది బాగుందా, ఇదా? పెద్దమ్మ మొదట తల ఊపడమే. ఐదో అద్దానికి గోడ మీది క్యాలెండరులో అంకెలు చదివింది. చదివి, ఉన్నట్టుండి గట్టిగా అంది:

"అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!"

"బాగానే ఉన్నాయి."

"ఇన్నాళ్ళూ నా కళ్ళను నేనే తిట్టుకున్నాను." ముసలావిడ ఎడమచెయ్యి పిడికిలి బిగిసింది. "అంతమంది ముందు... వాళ్ళెవరైనా నాకు చెప్పారా? నువ్వు చెప్తే నిన్ను గెంటాను."

"గెంటావు. ఇప్పుడు కదలకు, కొలత తప్పుతుంది."

గుండ్రటి అద్దం ఒకటి తీసి అరగదీసే మిషన్ మీద పెట్టింది. అంచు అరుగుతున్న చప్పుడు మొదలైంది. మందిరంలో పాట ఇక్కడికి వినిపిస్తోంది.

షట్టర్ కింద నుంచి వంగి భర్త లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరూ ఆగి ఉన్నారు. చేతులుంచేటప్పుడు నువ్వు పక్కన నిలబడాలి. పాట పాడిస్తూ ఆపారు." ఆమె తిరగలేదు. "వింటున్నావా? ఒప్పుకోమన్నావు, ఒప్పుకున్నాను! తొమ్మిది సంఘాల ముందు మోకాళ్ళ మీద పడ్డాను. ఇంకా ఏం కావాలి నీకు?"

"బాగా ఒప్పుకున్నారు. చాలా బాగా. మీరు ఒప్పుకుంటూ జనం మొహాలు చూశారు. ఈవిడ మొహం చూశారా?"

"చూడకుండానే పరుగెత్తి పట్టుకున్నానా?"

"అప్పుడు చూశారు. మైకు చేతికొచ్చాక మర్చిపోయారు."

"నా లోపల ఏముందో నీకేం తెలుసు?" ఆయన అరిచాడు. ఆమె ముందు ఆయన అంత గట్టిగా అరవడం అరుదు. "పావు పవరు తేడా కూడా కనిపెడతావు కదా, పెట్టు మిషన్! పెట్టి చూడు, ఎంత నిజం ఉందో ఎంత నటన ఉందో! నువ్వు దేవుడివా?"

"కాదు. పెళ్ళాన్ని. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను మీ గొంతు."

పెద్దమ్మ ఇద్దరి మధ్యా బిగుసుకుపోయి కూర్చుంది.

షట్టర్ దగ్గర కర్ర చప్పుడయింది. స్తోత్రం మామ్మ. వంగలేక, నడుం పట్టుకుని, ఎలాగో లోపలికి వచ్చింది. రొప్పుతోంది.

"వాడు అబద్ధం చెప్పాడు," అంది.

"అమ్మా!"

"నువ్వు నోర్మూసుకో. అమ్మాయ్, అట్టపెట్టెలు తెప్పించింది వీడు కాదు. నేను. ఫోను చేసింది నేను, కవర్ల మీద పేర్లు రాసింది నేను. వీడు వాయిదా వేద్దామన్నాడు. అయ్యగారికి చెప్తానని రెండుసార్లు చెప్పులేసుకున్నాడు. నేనే గడప దాటనివ్వలేదు. మీ మామగారిని ముప్పై ఏళ్ళు వెనక బెంచీలో కూర్చోబెట్టారు ఈ సంఘంలో. వీడినైనా ముందు కూర్చోబెట్టాలని..." మాట తడబడింది. "పరిచర్య, పరిచర్య అంటూ నలభై ఏళ్ళు గడప గడపా తిరిగాను. అంతా ఈ కుర్చీ కోసమే తిరిగానేమో. మొన్న నిన్ను అన్నాను కదా, ఎవరి కోసమని. అది నన్ను అడగాల్సిన మాట."

మిషన్ ఆగింది. ఆమెకు తెలియకుండానే చెయ్యి దాన్ని ఆపేసింది.

భర్త వైపు తిరిగింది. మొదటిసారి, ఆవేళ, పూర్తిగా తిరిగింది.

"నిజమేనా?"

ఆయన తల్లి వైపు చూశాడు.

"అడుగుతున్నాను. అంతా మీ మీదే వేసుకున్నారేం? అత్తయ్యను కాపాడటానికా? లేక తల్లి చాటు మనిషి అంటే పెద్దరికానికి చిన్నతనమనా? అంతా నేనే చేశానంటే ఏడుపు ఇంకా బాగా పండుతుందనా? ఏది?"

ఆమె గొంతులో కోపం తగ్గలేదు. కానీ ఆమె నిజంగానే అడుగుతోంది.

ఆయన కౌంటరు అద్దం మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"నాకూ తెలియడం లేదు," అన్నాడు. ఆ మాటలో ఏ జీరా లేదు. "ఒట్టు. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా తెలియలేదు. ఏడుపు వచ్చింది. వచ్చాక, అది బాగుందని కూడా అనిపించింది."

మందిరంలో పాట అయిపోయింది. మళ్ళీ మొదలు కాలేదు.

వీధిలో అడుగులు వినిపించాయి, ఒకరివి కాదు, చాలామందివి. షట్టరును ఎవరో పూర్తిగా పైకెత్తారు. వెలుతురు లోపలికి పడింది. అయ్యగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆయన వెనక వచ్చిన పెద్దలు, వాళ్ళ వెనక సగం సంఘం.

"ఇక్కడున్నారా? రావాలి బ్రదర్, రావాలి. అందరూ మీకోసమే ఎదురుచూస్తున్నారు. సోదరీ, నువ్వు కూడా రామ్మా."

అద్దాల డాక్టరు వాళ్ళ వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మను చూశాడు. చివరికి, ఏం చెయ్యమంటావన్నట్టు, భార్య వైపు తిరిగాడు.

ఆమె మళ్ళీ మిషన్ మీది అద్దం మీదికి వంగింది, తల ఎత్తలేదు.

"నావైపు చూడకండి," అంది.